టైట్ కాన్ఫరెన్స్ రేస్‌లో మన కాలేజ్ బేస్‌బాల్ టీమ్ టైటిల్ కొడుతుందా? అపోహలు - వాస్తవాలు

ఏప్రిల్ సగం దాటిందంటే చాలు నా ఫోన్‌కి ఒకటే రకం మెసేజ్‌లు, "అన్నా మనోళ్లు సెకండ్ ప్లేస్, ఒక్క మ్యాచే వెనక, టైటిల్ కొడతారా కొట్టరా ఒక్క మాటలో చెప్పు" అని. అడిగేవాళ్లలో సగం మంది ఎంఎస్‌కి వచ్చిన పిల్లలు, ఆస్టిన్‌లోనో కాలేజ్ స్టేషన్‌లోనో స్టార్క్‌విల్‌లోనో ఉంటారు, ఎవరో రూమ్మేట్ లాక్కెళ్తే ఒక శుక్రవారం సాయంత్రం గ్రౌండ్‌కి వెళ్లి అక్కడితో ఇరుక్కుపోయిన బాపతు. మిగతా సగం ఇక్కడే సెటిలై పిల్లల్ని లిటిల్ లీగ్‌కి తిప్పుతున్న అమ్మానాన్నలు. నేను ఒక యూనివర్సిటీ టీమ్‌కి డేటా పని చేస్తాను, ఏ టీమో చెప్పను, చెప్తే రేపు పోటీ టీమ్ ఫ్యాన్స్ అందరూ నా మీద పడతారు. అవతలి పిచ్చర్ ఏ కౌంట్‌లో ఏ బాల్ వేస్తాడు, బ్యాటర్ ఎటువైపు కొడతాడు, ఇవన్నీ ట్రాక్‌మ్యాన్ (బాల్ ఎలా వెళ్లిందో కొలిచే రాడార్) ఫైళ్లలోంచి తీసి కోచ్‌లకి ఒక్క పేజీలో ఇవ్వడం నా ఉద్యోగం. అది కాక సోమవారం పొద్దున్నే మిగిలిన సీజన్ మొత్తాన్ని కంప్యూటర్‌లో పదివేల సార్లు ఆడించి ఎవరి ఛాన్స్ ఎంతో చూస్తుంటాను, ఇది మాత్రం ఎవరూ అడగలేదు, నా దురద కొద్దీ చేసేది. అందరికీ విడివిడిగా జవాబు రాసే బదులు రోజూ వినే అపోహలన్నీ ఒకేచోట పెడుతున్నా, కొంచెం పొడుగుంటది, ఓపిక చేసుకోండి.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజ్ ఆటల్ని నడిపే సంస్థ) డివిజన్ 1లో, అంటే పై స్థాయిలో, దాదాపు 300 టీమ్‌లున్నాయి, వాళ్లంతా కాన్ఫరెన్సులుగా, అంటే విడివిడి లీగ్‌లుగా, విడిపోయి ఉంటారు. సీజన్ ఫిబ్రవరి మధ్యలో మొదలై మే మూడో వారం దాకా నడుస్తుంది, రెగ్యులర్ సీజన్‌లో ఒక టీమ్ ఎక్కువలో ఎక్కువ 56 మ్యాచులు ఆడొచ్చు. శుక్ర, శని, ఆదివారాలు ఒకే టీమ్‌తో మూడు మ్యాచుల సిరీస్, మధ్యలో మంగళవారమో బుధవారమో బయట కాన్ఫరెన్స్ వాళ్లతో ఒక మ్యాచ్. నేను ఎక్కువగా ఎస్ఈసీ (సౌత్ఈస్టర్న్ కాన్ఫరెన్స్) ఉదాహరణలే చెప్తాను, ఎందుకంటే దక్షిణాది రాష్ట్రాల్లో మనోళ్లు ఎక్కువ ఫాలో అయ్యేది అదే, పైగా రేస్ టైట్ అవ్వడం అంటే ఏంటో చూడాలంటే అక్కడే చూడాలి. అక్కడ 10 వీకెండ్లు, 30 కాన్ఫరెన్స్ మ్యాచులు. తర్వాత కాన్ఫరెన్స్ టోర్నమెంట్, ఆ తర్వాత 64 టీమ్‌ల నేషనల్ టోర్నమెంట్, అందులో మిగిలిన చివరి 8 మంది నెబ్రాస్కాలోని ఒమాహా వెళ్తారు, కాలేజ్ వరల్డ్ సిరీస్ 1950 నుంచి అక్కడే జరుగుతోంది.

అపోహ: టేబుల్‌లో పైన ఉన్న టీమే గట్టి టీమ్

ఇది అన్నిటికన్నా పెద్ద అపోహ కాబట్టి కొంచెం సేపు ఇక్కడే ఉందాం.

మొదటి సంగతి, అందరూ అందరితో ఆడరు. 2024 జూలైలో టెక్సస్, ఓక్లహోమా వచ్చి చేరాక ఎస్ఈసీలో 16 టీమ్‌లయ్యాయి, అంటే మీ టీమ్‌కి 15 మంది ప్రత్యర్థులు, కానీ వీకెండ్లు పదే. అయిదుగురితో అసలు ఆడనే ఆడరు. ఆ అయిదుగురిలో మూడు టాప్ టీమ్‌లు ఉన్నాయనుకోండి, మీ 17-10కి (17 గెలుపులు, 10 ఓటములు), ఆ ముగ్గురితోనూ ఆడి తెచ్చుకున్న పక్కవాడి 16-11కి తేడా ఎటువైపుందో మీరే ఆలోచించండి. టేబుల్ చూసేవాళ్లు ఎవరు ఎవరితో ఆడేశారు, ఎవరితో ఆడాల్సి ఉంది అన్నది చూడరు, నేను మాత్రం ముందు అదే చూస్తాను, మిగతావన్నీ తర్వాతే.

రెండోది అదృష్టం. ఈ మాట అంటే ఫ్యాన్స్‌కి కోపం వస్తది గానీ లెక్క ఉన్నది ఉన్నట్టు చెప్తా. ఒక టీమ్ నిజంగానే ప్రతి మ్యాచ్ 60 శాతం ఛాన్స్‌తో గెలిచేంత గట్టిదనుకుందాం. ఈ లీగ్‌లో అంటే చాలా మంచి టీమ్ కింద లెక్క. 30 మ్యాచుల్లో సగటున 18 గెలవాలి. కానీ అదే టీమ్‌ని అదే బలంతో మళ్లీమళ్లీ ఆడిస్తే ఒకసారి 15-15 వస్తది, ఒకసారి 21-9 వస్తది, దాదాపు 80 శాతం సార్లు ఈ రెండింటి మధ్యలో ఎక్కడో ఆగుతుంది, అయిదు సీజన్లకోసారి దీనికి కూడా బయటకి పోతుంది. 15-15 అంటే టేబుల్ మధ్యలో నలుగురితో కలిసి నలుగుతూ ఉండటం, 21-9 అంటే టైటిల్ రేస్. ఆటగాళ్లు వాళ్లే, కోచ్ ఆయనే. కాబట్టి రెండు మ్యాచుల తేడా చూసి ఈ టీమ్ గట్టిది ఆ టీమ్ వీక్ అని తేల్చేస్తే నేను ఒప్పుకోను.

మరి దేన్ని చూడాలి అంటే, కొట్టిన రన్స్, ఇచ్చిన రన్స్. బిల్ జేమ్స్ అనే బేస్‌బాల్ లెక్కలాయన ఎప్పుడో చెప్పిన చిన్న సూత్రం ఉంది, కొట్టిన రన్స్‌ని వర్గం చేసి, దాన్ని కొట్టిన రన్స్ వర్గం ప్లస్ ఇచ్చిన రన్స్ వర్గంతో భాగిస్తే ఆ టీమ్ ఎంత శాతం గెలవాల్సిందో దాదాపుగా వచ్చేస్తది. ఉదాహరణకి 30 మ్యాచుల్లో 180 కొట్టి 150 ఇచ్చిన టీమ్ ఉందనుకోండి, 32,400ని 54,900తో భాగిస్తే 0.59, అంటే 18 గెలుపులకి కాస్త తక్కువ. ఆ టీమ్ టేబుల్‌లో 21-9తో కనిపిస్తుంటే ఒక్క రన్ తేడాతో గెలిచిన మ్యాచులు మూడు ఎక్కువ పడ్డాయి అని అర్థం, వచ్చే వారం కూడా అలాగే పడతాయని గ్యారంటీ ఏమీ లేదు. చిన్న జాగ్రత్త ఒకటి, మంగళవారం ఎవరో చిన్న టీమ్‌ని 19-2తో బాదిన రన్స్ ఇందులో కలపకండి, కాన్ఫరెన్స్ మ్యాచులవి మాత్రమే తీసుకోండి.

అపోహ: ఆరు మ్యాచులే మిగిలాయి, మనం ఒక మ్యాచ్ ముందున్నాం, అయిపోయినట్టే

వెనకాల ఎంతమంది ఉన్నారో చెప్పకుండా ఈ ప్రశ్నకి జవాబు లేదు.

మీ టీమ్ ఒక మ్యాచ్ లీడ్‌లో ఉంది, వెనక ఒక్కడే ఉన్నాడు, ఇద్దరికీ తలా ఆరు మ్యాచులున్నాయి, ఇద్దరికీ ప్రతి మ్యాచ్ ఫిఫ్టీ ఫిఫ్టీ, ఒకళ్లతో ఒకళ్లు ఆడట్లేదు అనుకుందాం. మీరు ఒంటరిగా టైటిల్ కొట్టే ఛాన్స్ 61 శాతం. ఇద్దరూ సమానంగా ఆగే ఛాన్స్ 19 శాతం. వాడు మిమ్మల్ని దాటిపోయే ఛాన్స్ కూడా 19 శాతం చిల్లర. ఇది కాలిక్యులేటర్‌తో మీరే వేసుకోవచ్చు, పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.

ఇప్పుడు అదే లీడ్, అదే ఆరు మ్యాచులు, కానీ వెనక ఒక్క మ్యాచ్ దూరంలో ముగ్గురున్నారు. ఒంటరిగా టైటిల్ కొట్టే ఛాన్స్ 37 శాతానికి పడిపోద్ది. మీ టీమ్ ఏ తప్పూ చెయ్యలేదు, లీడ్ తగ్గలేదు, జనం పెరిగారు అంతే. ముగ్గురిలో ఎవడో ఒకడికి మంచి రెండు వారాలు పడటం అనేది ఒక్కడికి పడటం కన్నా చాలా తేలిక. టైట్ రేస్ అన్నప్పుడు అందరూ పైనున్న టీమ్‌కి వెనకున్న టీమ్‌కి గ్యాప్ ఎంత అని చూస్తారు, నేను మాత్రం రెండు మ్యాచుల లోపల ఎన్ని టీమ్‌లున్నాయో ముందు లెక్కపెడతాను.

ఇంకో మెలిక, వెంట పడుతున్నవాళ్లు ఇద్దరూ చివరి వీకెండ్ ఒకళ్లతో ఒకళ్లు ఆడుతుంటే మీకు మంచిదా చెడ్డదా? చాలామంది మంచిదే, ఇద్దరూ కొట్టుకుని చస్తారు అనుకుంటారు. రెండు వైపులా ఉంటది. ఇద్దరూ కలిసి పైకి రాలేరు అన్నది నిజం, కానీ మూడు మ్యాచుల్లో కనీసం రెండు ఎవడో ఒకడు గెలిచి తీరతాడు అన్నది కూడా అంతే నిజం. మీకు లీడ్ రెండు మ్యాచులకి మించి ఉంటే ఇది మీకు మంచిది, ఒకటే అయితే అంత సంబరపడక్కర్లేదు.

అపోహ: ఒక తోపు పిచ్చర్ ఉంటే టైటిల్ మనదే

శుక్రవారం స్టార్టర్ అంటే టీమ్‌లో బెస్ట్ పిచ్చర్. స్టేడియం నిండేది ఆయన కోసమే, ప్రో స్కౌట్లు రాడార్ గన్‌లు పట్టుకుని వరసగా కూర్చునేది ఆయన కోసమే. కానీ ఆయన వేసేది వారానికి ఒక్క మ్యాచే. వంద బాల్స్ వేసిన చెయ్యి మళ్లీ మామూలయ్యేసరికి వారం పడుతుంది, కుర్రాడి కెరీర్ మీద ఇష్టమున్న ఏ కోచ్ కూడా శుక్రవారం వేసినోడ్ని ఆదివారం దింపడు.

అంకెల్లో చూద్దాం. ఒక టీమ్‌కి శుక్రవారం 70 శాతం, శనివారం 50, ఆదివారం 40 శాతం ఛాన్స్. ఇంకో టీమ్‌కి స్టార్ ఎవరూ లేరు గానీ మూడు రోజులూ 55 శాతమే. మొదటి టీమ్ వీకెండ్‌కి సగటున 1.6 మ్యాచులు గెలుస్తుంది, రెండోది 1.65. సిరీస్ గెలిచే ఛాన్స్ మొదటిదానికి 55 శాతం, రెండోదానికి 57 చిల్లర. అంటే స్టార్ లేని టీమే ఒక వెంట్రుకవాసి పైన. టీవీలో మాత్రం మొదటి టీమ్ గురించే మాట్లాడతారు.

2023 ఎల్ఎస్‌యూని (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) గుర్తు చేసుకోండి. శుక్రవారాలు పాల్ స్కీన్స్, ఆ ఏడాది 209 స్ట్రైకవుట్లతో (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ని అవుట్ చెయ్యడం) ఎస్ఈసీ సీజన్ రికార్డ్ కొట్టాడు, అవుట్‌ఫీల్డ్‌లో డిలన్ క్రూస్. ఆ జూలైలో ప్రో టీమ్‌లు కొత్త ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి పిక్ స్కీన్స్, రెండో పిక్ క్రూస్, ఒకే కాలేజ్ టీమ్ నుంచి మొదటి రెండూ వెళ్లడం అంతకుముందు ఎప్పుడూ లేదు. అంత టీమ్ కూడా కాన్ఫరెన్స్ టైటిల్ కొట్టలేదు, 20-10తో ఫ్లోరిడా, ఆర్కన్సా పంచుకున్నాయి. ఎల్ఎస్‌యూ బుల్‌పెన్ (స్టార్టర్ తర్వాత వచ్చే పిచ్చర్లు) సీజన్ మధ్యలో చాలా ఇబ్బంది పడింది, శని ఆదివారాలు లీడ్ నిలబెట్టుకోవడం కష్టమైపోయింది. అదే టీమ్ జూన్‌లో ఒమాహాలో నేషనల్ టైటిల్ ఎత్తింది, స్కీన్స్‌కే బెస్ట్ ప్లేయర్ అవార్డ్. టోర్నమెంట్‌లో మ్యాచుల మధ్య ఖాళీ రోజులు దొరుకుతాయి, ఒక గొప్ప చెయ్యి విలువ అక్కడ పెరుగుద్ది, 30 మ్యాచుల లీగ్‌లో అంత పెరగదు.

అందుకే ఎవరైనా నన్ను మీవాళ్ల పిచ్చింగ్ ఎలా ఉంది అని అడిగితే ఆదివారం ఎవరు వేస్తున్నారు, ఏడో ఇన్నింగ్స్ (మొత్తం తొమ్మిదిలో) తర్వాత ఎవరున్నారు, ఈ రెండే చెప్తాను. ఇంకోటి, చివరి వీకెండ్ సిరీస్ మామూలుగా గురువారమే మొదలైపోతుంది, ఆ తర్వాతి వారం కాన్ఫరెన్స్ టోర్నమెంట్ కాబట్టి. అంటే శుక్రవారం వేసే కుర్రాడికి ఒక రోజు రెస్ట్ తక్కువ. కోచ్‌లు కొందరు అతన్ని ముందు వారం 80 బాల్స్‌కే ఆపేస్తారు, స్కోర్‌బోర్డ్ మీద అది ఎందుకు తీశాడ్రా బాబు అనిపిస్తది, స్టాండ్స్‌లో బూతులు కూడా పడతాయి, అసలు కథ మాత్రం తర్వాతి గురువారం కోసం.

అపోహ: వర్షం పడి ఆగిన మ్యాచ్ తర్వాత ఆడతారులే

ఆడరు, చాలాసార్లు. కాన్ఫరెన్స్ సిరీస్ ఆ వీకెండ్‌లో అవ్వకపోతే అక్కడితో రద్దే, ఎందుకంటే వెళ్లిన టీమ్ తిరిగి ఊరెళ్లాలి, సోమవారం క్లాసులు, మంగళవారం ఇంకో మ్యాచ్. అప్పుడు టేబుల్ గెలుపుల సంఖ్య మీద కాకుండా గెలుపు శాతం మీద నడుస్తుంది.

పైన చెప్పిన 2023 ఎల్ఎస్‌యూ కథలో నేను దాచిన ముక్క ఇదే. వాళ్ల రికార్డ్ 19-10, మొత్తం 29 మ్యాచులే. ఏప్రిల్‌లో సౌత్ కరోలినాలో రెండు మ్యాచులై చెరొకటి గెలిచాక మూడోది వర్షానికి పోయింది. 19-10 అంటే 65.5 శాతం, 20-10 అంటే 66.7. ఆ మ్యాచ్ జరిగి ఎల్ఎస్‌యూ గెలిచుంటే టైటిల్ ముగ్గురు పంచుకునేవాళ్లు. అందుకే మార్చి, ఏప్రిల్ నెలల్లో వాతావరణం యాప్ చూడటం కూడా మా ఉద్యోగంలో భాగమే అయిపోయింది, ఆదివారం వాన అంటే శనివారమే రెండు మ్యాచులు పెట్టేస్తారు, బుల్‌పెన్ లెక్కంతా తలకిందులు.

అపోహ: సమానంగా ఉంటే నెట్ రన్ రేట్ చూస్తారు

ఇది పూర్తిగా మన ఐపీఎల్ అలవాటు, తప్పేమీ లేదు, కానీ ఇక్కడ పనిచెయ్యదు. రెండు టీమ్‌లు సమానంగా ఆగితే రెగ్యులర్ సీజన్ టైటిల్ ఇద్దరూ పంచుకుంటారు, ఇద్దరూ బ్యానర్ కట్టుకుంటారు. 2024లో టెనసీ, కెంటకీ రెండూ 22-8, రెండూ ఛాంపియన్లే. టైబ్రేకర్ అనేది టోర్నమెంట్‌లో సీడ్ (ర్యాంక్) కోసం, దానికి ముందు చూసేది ఆ ఇద్దరి మధ్య జరిగిన సిరీస్ ఎవరు గెలిచారని. అందుకే మార్చిలో ఎవరూ పట్టించుకోని ఒక ఆదివారం మ్యాచ్, 1-1 మీద ఉన్న సిరీస్‌లో మూడోది, మే నెలలో లేచొచ్చి కూర్చుంటుంది. ముగ్గురు నలుగురు సమానమైతే వాళ్ల మధ్య జరిగిన మ్యాచులతో చిన్న టేబుల్ వేస్తారు, అందరూ అందరితో ఆడి ఉండకపోతే తర్వాతి రూల్, ఆ తర్వాతి రూల్, కాన్ఫరెన్స్‌ని బట్టి మారుతుంటాయి, అవన్నీ ఇక్కడ రాస్తే మీరు పేజీ మూసేస్తారు.

సీడ్ వల్ల ఒరిగేదేముంది అనకండి. 2025 నుంచి అలబామాలోని హూవర్‌లో జరిగే ఎస్ఈసీ టోర్నమెంట్ 16 టీమ్‌లతో సింగిల్ ఎలిమినేషన్ అయింది, మొదటి నలుగురు నేరుగా క్వార్టర్ ఫైనల్‌కి. నాలుగో స్థానానికి అయిదో స్థానానికి మధ్య తేడా ఒక అదనపు మ్యాచ్, అంటే ఒక అదనపు పిచ్చర్. నన్నడిగితే టైటిల్ రేస్ కన్నా ఆ నాలుగో ప్లేస్ కోసం జరిగేదే అసలు కొట్లాట.

అపోహ: మంగళవారం మ్యాచులు టైంపాస్

కాన్ఫరెన్స్ టేబుల్‌కి సంబంధించినంతవరకు నిజమే, సున్నా. కానీ నేషనల్ టోర్నమెంట్ సెలెక్షన్‌కి చూసే వాటిలో ఆర్‌పీఐ (రేటింగ్ పర్సెంటేజ్ ఇండెక్స్) అని ఒకటుంది. మీ గెలుపు శాతం 25 వంతులు, మీ ప్రత్యర్థుల గెలుపు శాతం 50 వంతులు, ప్రత్యర్థుల ప్రత్యర్థులది 25 వంతులు. అంటే ముప్పావు భాగం మీ చేతిలో లేదు, మీరు ఎవరితో ఆడుతున్నారన్న దాంట్లో ఉంది. పైగా 2013 నుంచి బేస్‌బాల్‌లో సొంత గ్రౌండ్ గెలుపుకి 0.7, బయట గెలుపుకి 1.3, ఓటములకి దీనికి ఉల్టా. సొంతూళ్లో 8-2 టీమ్‌కి ఈ లెక్కలో వచ్చేది 68 శాతం, బయట 5-5 ఆడిన టీమ్‌కి 65 శాతం, చూడండి ఎంత దగ్గరకొచ్చేశాయో. కాబట్టి మంగళవారం సొంత గ్రౌండ్‌లో ఎవరో ఊరూపేరూ లేని చిన్న కాలేజీ చేతిలో ఓడితే అది ఒక ఓటమి కాదు, 1.3 ఓటములు. ఆ రోజు వేసేది ఎక్కువగా ఫస్ట్ ఇయర్ పిల్లలు, ఓడటం సహజమే, కానీ మే చివర్లో సెలెక్షన్ కమిటీ ముందు కూర్చున్నప్పుడు ఆ ఒక్కటే నొప్పెడుతుంది.

అపోహ: కాన్ఫరెన్స్ టైటిల్ పోతే సీజన్ పోయినట్టే

పెద్ద కాన్ఫరెన్సులో అయితే అస్సలు కాదు. 2022 ఓల్ మిస్ (మిసిసిప్పి యూనివర్సిటీ) ఒక దశలో కాన్ఫరెన్స్‌లో 7-14, చివరికి 14-16, హూవర్‌లో మొదటి మ్యాచే ఓడి ఇంటికెళ్లారు, 64లో చివరి నిమిషంలో చోటు దొరికిన టీమ్‌లలో ఒకటి, తీరా చూస్తే ఒమాహాలో ఓక్లహోమాని ఓడించి నేషనల్ ఛాంపియన్స్. అదే ఏడాది టెనసీ కాన్ఫరెన్స్‌లో 25-5, మొత్తం 57-9, నంబర్ వన్ సీడ్, సొంతూరు నాక్స్‌విల్‌లో నోటర్ డేమ్ చేతిలో ఓడి ఒమాహా గడప కూడా తొక్కలేదు. 1999లో మయామీ తర్వాత నంబర్ వన్ సీడ్ టైటిల్ కొట్టడానికి 2024 దాకా పట్టింది, కొట్టింది మళ్లీ టెనసీయే. ఆ తర్వాతి ఏడాదే, 2025లో, నంబర్ వన్ వాండర్‌బిల్ట్ సొంత రీజినల్‌లోనే (నాలుగు టీమ్‌ల మొదటి రౌండ్) అవుట్. నంబర్ టూ టెక్సస్, ఎస్ఈసీలో అడుగుపెట్టిన మొదటి ఏడాదే 22-8తో రెగ్యులర్ సీజన్ టైటిల్ కొట్టిన టీమ్, ఆస్టిన్‌లోనే యూటీఎస్‌ఏ (శాన్ ఆంటోనియో యూనివర్సిటీ) చేతిలో పోయింది. శాన్ ఆంటోనియో వైపు ఉన్న మనోళ్లు ఆ వారం చేసిన గోల నాకింకా గుర్తే.

చిన్న కాన్ఫరెన్సుల్లో ఇది మొత్తం తిరగబడుతుంది. అక్కడినుంచి నేషనల్ టోర్నమెంట్‌కి వెళ్లేది ఎక్కువగా ఒకే ఒక్క టీమ్, అది కూడా కాన్ఫరెన్స్ టోర్నమెంట్ గెలిచినోడు. రెగ్యులర్ సీజన్ అంతా పైన ఉండి, టోర్నమెంట్‌లో రెండు మ్యాచులు పోయాయంటే ఇంటికే. అక్కడ టేబుల్ రేస్ గెలవడం గౌరవం, అంతకుమించి చెప్పలేను. కానీ ఆ ఒక్క టికెట్ దొరికినోళ్లు ఏం చేస్తారో 2008 ఫ్రెస్నో స్టేట్ చూపించింది, రీజినల్‌లో నలుగురిలో నాలుగో సీడ్‌గా వెళ్లి నేషనల్ టైటిల్ కొట్టుకొచ్చారు. 2025లో కెంటకీ నుంచి ముర్రే స్టేట్ కూడా నాలుగో సీడే, ఒమాహా దాకా వెళ్లింది.

పెద్ద కాన్ఫరెన్స్ ఫ్యాన్స్‌కి నేను చెప్పేది, టైటిల్ కన్నా దేశంలో మొదటి 16లో ఉండటం చూడండి, ఆ 16 మందికే రీజినల్ సొంత గ్రౌండ్‌లో వస్తుంది, అందులో మొదటి 8 మందికి గెలుస్తూ పోతే సూపర్ రీజినల్ (రెండో రౌండ్) కూడా ఇంట్లోనే. 2025లో ఒక్క ఎస్ఈసీ నుంచే 13 టీమ్‌లు 64లోకి వెళ్లాయి, అంటే కాన్ఫరెన్స్‌లో ఎనిమిదో తొమ్మిదో స్థానంలో ఉన్న టీమ్ కూడా టోర్నమెంట్ టీమే.

అపోహ: వరసగా గెలుస్తున్నారు, ఇక ఆపేవాడు లేడు

2025లో కోస్టల్ కరోలినా వరసగా 26 గెలిచి ఒమాహా ఫైనల్స్‌కి వచ్చింది. ఎల్ఎస్‌యూ రెండు మ్యాచులూ గెలిచి ఇంటికి పంపింది, మొదటిది 1-0. ఊపు అనేది అసలు లేదు అనను, డగౌట్‌లో కూర్చునేవాడిని, కుర్రాళ్ల మొహాలు చూస్తే తెలుస్తది. కానీ దాన్ని నా మోడల్‌లో పెట్టడానికి ప్రయత్నించిన ప్రతిసారీ వచ్చే వారం మ్యాచ్ గురించి అది కొత్తగా చెప్పేదేమీ కనిపించలేదు. వరస గెలుపుల్లో ప్రత్యర్థులెవరో చూడండి, సగం జవాబు అక్కడే ఉంటది.

అపోహ: కంప్యూటర్ 20 శాతం అంది, వాళ్లు గెలిచారు, కాబట్టి లెక్క తప్పు

20 శాతం అంటే అయిదుసార్లకి ఒకసారి జరగాలి. ఎప్పుడూ జరగకపోతేనే నా లెక్క తప్పు.

దీనికి రెండో వైపు కూడా ఉంది, కంప్యూటర్ చెప్పింది కాబట్టి అదే ఫైనల్ అనుకునేవాళ్లు. మోడల్‌కి చాలా తెలియవు. ఏప్రిల్ చివర్లో మే మొదట్లో ఫైనల్ ఎగ్జామ్స్ పడతాయి, వీళ్లు స్టూడెంట్లు కూడా అని చాలామంది మర్చిపోతారు, గురువారం పొద్దున పరీక్ష రాసి మధ్యాహ్నం బస్సెక్కిన కుర్రాడు శుక్రవారం షార్ట్‌స్టాప్‌లో నిలబడతాడు. ఎవరి మోచెయ్యి లాగుతోందో కాన్ఫరెన్స్ బయటపెట్టమన్నంత వరకే టీమ్‌లు బయటపెడతాయి. ఇలాంటివి తెలిసినా నేను బయట చెప్పలేను, కాబట్టి ఆ విషయాల మీద నన్ను అడగొద్దు, ఎవరు అడిగినా, పందేలు కాసేవాళ్లు అయితే మరీ అడగొద్దు, అది మా ఉద్యోగాలకే ఎసరు.

కోచ్‌లకి ఈ శాతాలు చూపిస్తావా అని ఒకరు అడిగారు. చూపించను. మా హెడ్ కోచ్‌కి కావాల్సింది ఆదివారం ఎడమచేతి బ్యాటర్లు వరసగా వచ్చినప్పుడు ఎవర్ని దింపాలి అన్నది, టైటిల్ ఛాన్స్ 37ఆ 41ఆ అన్నది కాదు. ఆ నంబర్ మీకూ నాకూ కావాలి, గ్రూపుల్లో కొట్టుకోవడానికి.

సరే, చివరి రెండు వారాల్లో మీ టీమ్ ఛాన్స్ మీరే చూసుకోవాలంటే ఒక కాగితం తీసుకోండి. రెండు మ్యాచుల లోపల ఉన్న టీమ్‌లన్నీ రాయండి. ప్రతిదాని పక్కన మిగిలిన ప్రత్యర్థులు, సొంతూళ్లోనా బయటా, కాన్ఫరెన్స్ మ్యాచుల్లో కొట్టిన రన్స్, ఇచ్చిన రన్స్, ఎవరికైనా వర్షానికి ఒక మ్యాచ్ తక్కువుందా, మీతో ఆడిన సిరీస్ ఎవరు గెలిచారు. ఇంత రాశాక ఎవరి దారి తేలికో మీకే కనపడుద్ది. మీ టీమ్ పేరు, ఈ కాగితం ఫొటో పెట్టి మెసేజ్ చేస్తే సోమవారం పొద్దున నా పదివేల ఆటల్లో ఏమొచ్చిందో చెప్తాను. ఒమాహాలో హోటల్ బుక్ చేసుకోవాలా అని మాత్రం అడగొద్దు, క్యాన్సిల్ చేసుకునే వీలుంటే ఇప్పుడే చేసేయండి, జూన్‌లో అక్కడ రూములు దొరకవు.